రామానుజన్ ప్రతిభ: దేవీప్రసాదమా, మేధాపరిశ్రమా?

గజేంద్రమోక్షణ ఘట్టంలో వైకుంఠపుర వర్ణనకు పూనుకొన్న పోతనకు పద్యం ముందుకు సాగలేదనీ, ఆయన గంటం ప్రక్కన పెట్టి లేచిపోగా శ్రీరాముడే పోతన రూపంలో వచ్చి ఆ పద్యాన్ని పూరించి వెళ్ళినాడనీ తెలుగునాట ఒక ఐతిహ్యం ఉన్నది. చరిత్రకారుడు దీనిని అంగీకరించడు. కాని సృష్టి చేసే మనస్సుకు తెలిసిన ఒక అనుభవం ఈ కథలో దాగి ఉన్నది. ఎంత పెనుగులాడినా రాని మాట, విడిచి లేచిన తరువాత ఎవరో అందించినట్లు వస్తుంది. వచ్చినదానిని చూచి కర్త తానే ఆశ్చర్యపడతాడు. అట్లు అందించినది ఎవరు? భక్తుడు దైవమంటాడు, శాస్త్రజ్ఞుడు మనస్సు యొక్క వ్యాపారమే అంటాడు.

కవుల విషయంలో ఈ వివాదం తేలడం కష్టం. పద్యం బాగున్నదా లేదా అన్నదానిలోనే రసజ్ఞులకు ఏకాభిప్రాయం ఉండదు గదా! గణితంలో అట్లు కాదు. ఒక సూత్రం ఎక్కడినుండి వచ్చినా, అది ఒప్పో తప్పో నిర్ణయించే మార్గం ఉన్నది. అందువలన, తన సూత్రాలను ఇలవేల్పు స్వప్నంలో అనుగ్రహిస్తున్నదని నమ్మిన ఒక గణితవేత్త జీవితం ఈ ప్రశ్నను పరీక్షించడానికి మిక్కిలి అనువైనది. ఆయనే శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన తమిళదేశంలోని ఈరోడులో, మాతామహుల ఇంట జన్మించినాడు. తండ్రి శ్రీనివాస అయ్యంగారు కుంభకోణంలో ఒక బట్టల వర్తకుని కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనకీర్తనలు పాడేది. పెండ్లి అయి చాల కాలానికి కూడ సంతానం కలుగకపోగా, నామక్కల్ క్షేత్రంలో నరసింహస్వామి దేవేరియైన నామగిరి అమ్మవారిని ప్రార్థించిన పిమ్మట ఈ బిడ్డ కలిగినాడని ఆ కుటుంబం వారి విశ్వాసం. మాతామహి కూడ ఆ దేవి భక్తురాలే. రెండేండ్ల వయస్సులో మశూచి సోకి బిడ్డ బ్రతికి బయటపడినాడు. ఈ విధంగా నామగిరి నామం ఆయనకు ఉగ్గుపాలతో అబ్బింది.

కుంభకోణంలో సారంగపాణి ఆలయం ఎదుటి వీధిలో వారి చిన్న ఇల్లు. ఆ ఇంటి వీధి అరుగుమీద కూర్చుని, ఒడిలో పలక పెట్టుకొని, బాలుడు లెక్కలు చేసేవాడు. 1897లో ప్రాథమిక పరీక్షలో జిల్లాకు ప్రథముడైనాడు. టౌన్ హైస్కూలులో చదువుతూ, లోనీ రచించిన త్రికోణమితి గ్రంథాన్ని ఒకరి సహాయం లేకుండ పూర్తిచేసినాడు. త్రికోణమితిలో కొన్ని ముఖ్య ఫలితాలను తానే కనుగొని పొంగిపోయినాడు. వాటిని ఆయిలర్ అంతకు నూరేండ్లకు పూర్వమే కనుగొన్నాడని తెలిసినప్పుడు సిగ్గుపడి, ఆ కాగితాలను ఇంటి కప్పులో దాచివేసినాడట.

1903లో ఆయన చేతికి మరియొక పుస్తకం వచ్చింది. లండనులో విద్యార్థులను పరీక్షలకు సిద్ధంచేసే కార్ అనే ఉపాధ్యాయుడు కూర్చిన గణిత సంగ్రహమది. అందులో దాదాపు 5000 ఫలితాలు వరుసగా ఉన్నవి. ఉపపత్తులు మాత్రం నామమాత్రం. పండితులు దానిని గొప్ప గ్రంథమని చెప్పరు. కాని పదహారేండ్ల రామానుజన్‌కు ఆ లోపమే వరమైనది. ఒక్కొక్క సూత్రం ఎందుకు నిజమో తానే సాధించుకోవలసి వచ్చింది. ఒకటి సాధించేలోగా దారిలో నాలుగు క్రొత్తవి తటస్థపడేవి. వాటిని నోటుబుక్కులలో వ్రాసుకోసాగినాడు.

1904లో మెట్రిక్యులేషను నెగ్గి, విద్యార్థివేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో చేరినాడు. అక్కడ గణితం తప్ప తక్కిన పాఠాలు ఆయన చెవికి ఎక్కలేదు. ఇంగ్లీషులో తప్పినాడు; వేతనం పోయినది. 1905లో ఇంట చెప్పకుండ విశాఖపట్నం వెళ్ళిపోయినాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినాడు. ఎఫ్.ఏ. పరీక్షలో 1906లో ఒకసారి, 1907లో మరియొకసారి తప్పినాడు. విద్యాశాఖ లెక్కలో ఆయన కథ అంతటితో ముగిసినట్లే. పట్టం లేదు, ఉద్యోగం లేదు, పూట గడవడమే కష్టం. 1909లో జానకి అనే బాలికతో వివాహమైనది.

ఆ చీకటి కాలంలో ఆయన చేసినదేమి? నోటుబుక్కులు నింపినాడు. కాగితం కొనలేక లెక్క అంతా పలకమీద చేసి, మోచేతితో తుడిచివేసి, తేలిన ఫలితాన్ని మాత్రం పుస్తకంలో ఎక్కించేవాడు. ఆయన మోచేయి నల్లబారి గరుకెక్కినదని ఎరిగినవారు చెప్పుకొనేవారు. స్వప్నాలలో రక్తబిందువులు కనిపించడం నరసింహుని అనుగ్రహానికి గుర్తు అనీ, అటుపిమ్మట గణితసూత్రాలతో నిండిన పత్రాలు కన్నులముందు విచ్చుకొంటాయనీ ఆయన మిత్రులతో చెప్పేవాడు. లేవగానే వాటిని వ్రాసుకొనేవాడు.

1910లో భారత గణిత సంఘ స్థాపకుడైన వి. రామస్వామి అయ్యరు ఆ నోటుబుక్కులను చూచి, ఈ యువకుడు సామాన్యుడు కాడని గ్రహించినాడు. ఆ సంవత్సరం చివరనే రామానుజన్ నెల్లూరు వచ్చినాడు. అక్కడ కలెక్టరుగా ఉన్న దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు గణితాభిమాని. చంకలో నోటుబుక్కుతో, మాసిన గడ్డంతో వచ్చిన ఆ మనిషిని చూచి ఆయన మొదట ఏమీ తేల్చుకోలేకపోయినాడు. రామానుజన్ సులభమైన వాటితో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా పైకి తీసుకొనిపోయి, తుదకు ప్రపంచానికి అప్పటికి తెలియని ఫలితాలను చూపినాడు. నీకేమి కావాలని అడిగితే, పరిశోధన చేసుకొనే తీరిక కోసం అన్నవస్త్రాలు మాత్రం చాలునన్నాడు. నెలకు 25 రూపాయలు తన చేతినుండి ఇచ్చి, ఆ అధికారి ఆయనను నిలబెట్టినాడు. 1911లో రామానుజన్ తొలి వ్యాసం భారత గణిత సంఘ పత్రికలో వెలువడినది. 1912 మార్చి 1న మద్రాసు పోర్ట్ ట్రస్టులో 30 రూపాయల జీతంమీద గుమాస్తాగా చేరినాడు. అక్కడి పై అధికారి నారాయణ అయ్యరు గణితజ్ఞుడు కావడం మరొక అదృష్టం.

1913 జనవరి 16వ తేదీన రామానుజన్ కేంబ్రిడ్జిలోని జి. హెచ్. హార్డీకి ఉత్తరం వ్రాసినాడు. అంతకుముందు ఇద్దరు ఆంగ్ల పండితులకు పంపగా ఫలితం లేకపోయింది. హార్డీ నాస్తికుడు. కళాశాల ప్రార్థనామందిరంలో అడుగుపెట్టడానికి కూడ ఇష్టపడనివాడు. ఉపపత్తులు లేని ఆ సూత్రాలను ఆయనా, సహచరుడు లిటిల్‌వుడ్డూ కలిసి పరిశీలించినారు. కొన్ని తెలిసినవే, కొన్ని సాధింపదగినవి, కొన్ని మాత్రం ఎన్నడూ కని విని ఎరుగనివి. ఇవి నిజమే అయి ఉండాలి, కల్పించడానికి అంతటి ఊహ ఎవరికీ ఉండదు అని హార్డీ నిశ్చయించినాడు. దేవుని నమ్మనివాడే దేవీభక్తుని ప్రతిభను మొదట పోల్చుకొన్న యూరోపియనుడు కావడం ఈ కథలో గమనింపదగిన విశేషం.

సముద్రయానానికి ఆచారం అడ్డువచ్చింది. నామక్కల్ దేవాలయంలో రామానుజన్ మూడు రాత్రులు నిద్రచేసినాడని చెబుతారు. కుమారుడు తెల్లదొరల నడుమ కూర్చుని ఉన్నట్లు తల్లికి కల వచ్చిందనీ, అతని దారికి అడ్డురావద్దని నామగిరి ఆజ్ఞాపించిందనీ, దానితో ఆమె సమ్మతించిందనీ ప్రసిద్ధి. 1914 మార్చి 17న ఓడ ఎక్కి, ఏప్రిలు 14న లండను చేరినాడు.

ట్రినిటీ కళాశాలలో గడిపిన అయిదేండ్లలో ఆయన చేసిన పనిలో ఒక్కటి చూతము. 4 అనే సంఖ్యను ధనపూర్ణాంకాల మొత్తంగా ఎన్ని విధాల వ్రాయవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1: మొత్తం 5 విధాలు. 10కి 42 విధాలు. 100కు 19,05,69,292. ఈ విభజనల సంఖ్యను నేరుగా ఇచ్చే సూత్రం కలదా అన్నది ప్రశ్న. 1918లో రామానుజన్, హార్డీ ప్రకటించిన సూత్రం 200కు వేసిచూస్తే 39,72,99,90,29,388 వచ్చింది. తప్పు నూరవ వంతుకు కూడ లోపలే. మేక్‌మహన్ అనే గణితజ్ఞుడు చేతితో శ్రమపడి కట్టిన లెక్కతో అది సరిగ్గా సరిపోయింది. సూత్రానికి అట్టి రూపం ఉండి తీరుతుందన్న చూపు రామానుజన్‌ది. దానిని ఉపపత్తితో కట్టుదిట్టం చేసిన నేర్పు హార్డీది. ఆ ఏడే రామానుజన్ రాయల్ సొసైటీ సభ్యుడుగాను, ట్రినిటీ కళాశాల ఫెలోగాను ఎన్నికైనాడు.

ఇంతలో దేహం చెడినది. యుద్ధకాలంలో శాకాహారికి తగిన తిండి దొరకలేదు. చలి, ఒంటరితనం తోడైనవి. 1917 నుండి చికిత్సాలయాలలోనే గడపవలసి వచ్చింది. 1919లో స్వదేశం చేరినాడు. మంచం పట్టిన స్థితిలోనే 1920 జనవరిలో హార్డీకి తుది ఉత్తరం వ్రాస్తూ, మాక్ థీటా ప్రమేయాలనే సరిక్రొత్త జాతి ప్రమేయాలను వివరించినాడు. ఏప్రిలు 26వ తేదీన మద్రాసులో మరణించినాడు. అప్పటికి వయస్సు 32 ఏండ్లు. మూడువేలకు పైగా ఫలితాలు గల నోటుబుక్కులు మిగిలినవి. చివరి ఏడాది కాగితాలు 1976లో ట్రినిటీ కళాశాల గ్రంథాలయంలో జార్జి ఆండ్రూస్ కంటబడినవి. మాక్ థీటా ప్రమేయాల అంతరార్థం 2002లో జ్వెగర్స్ అనే డచ్చి గణితజ్ఞుని పరిశోధనతో గాని తేటపడలేదు.

ఇక మన ప్రశ్నకు వద్దాము. ఈ సూత్రాలు నామగిరి ఇచ్చినవా?

రామానుజన్ హార్డీకి పంపిన ఫలితాలలో ప్రధానసంఖ్యలను గూర్చినది ఒకటి ఉన్నది. ఇచ్చిన సంఖ్యకు లోపల ఎన్ని ప్రధానసంఖ్యలు ఉంటవో దాదాపు ఖచ్చితంగా చెప్పగలనని ఆయన దృఢంగా నమ్మినాడు. చిన్న సంఖ్యలకు ఆ సూత్రం ఆశ్చర్యకరంగా సరిపోతుంది. కాని ఆయన అనుకొన్న ఖచ్చితత్వం దానికి లేదని, పెద్ద సంఖ్యల వద్ద అది నిలువదని తేలింది. విభజనల సూత్రాన్ని ఎంతటి నమ్మకంతో చూచినాడో, దీనిని కూడ అంతటి నమ్మకంతోనే చూచినాడు. లోపలినుండి చూచిన ఆయనకు రెండూ ఒకే వెలుగులో కనిపించినవి. బయట ఉపపత్తి అనే గీటురాయి మీద గీసినప్పుడే ఒకటి బంగారమనీ ఒకటి కాదనీ తెలిసింది.

ఆ తప్పు ఎక్కడ జరిగినదో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. ప్రధానసంఖ్యల లెక్కకు సంకీర్ణ చలరాశుల ప్రమేయ సిద్ధాంతం అవసరం. కుంభకోణంలో ఆయనకు దొరికిన పుస్తకాలు ఆ శాస్త్రాన్ని నేర్పలేదు. అంటే ఆయన చదువులో ఖాళీ ఉన్నచోటనే స్ఫురణలో కూడ ఖాళీ ఏర్పడింది. ఫలితం మాత్రం చెప్పి ఉపపత్తి చెప్పని ఆయన పద్ధతి కార్ పుస్తకం నేర్పినదే. ఇండియాలో ఉండగా కనుగొన్న వాటిలో సుమారు మూడింట రెండు వంతులు పూర్వులు కనుగొన్నవేనని హార్డీ అంచనా. సర్వజ్ఞురాలైన దేవి అయిలర్‌కు తెలిసినదానినే మరల చెప్పడమెందుకు? ఇవన్నీ మానవుడు నేర్చిన విద్యకు గల ముద్రలు.

1729 కథ పాఠశాల విద్యార్థులకు తెలిసినదే. రోగశయ్యపై ఉన్న రామానుజన్‌ను చూడవచ్చిన హార్డీ, తాను ఎక్కిన టాక్సీ సంఖ్య 1729 అనీ, అందులో విశేషమేమీ లేదనీ అంటే, రామానుజన్ తడువుకోకుండ, రెండు ఘనముల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో అదే అన్నిటికంటె చిన్నదని చెప్పినాడు. 1, 12ల ఘనములు కూడినా 1729. 9, 10ల ఘనములు కూడినా 1729. వినేవానికి ఇది మెరుపు. కాని అట్టి ఘనముల సమీకరణాలతో ఆయనకు ఇంగ్లండు వెళ్ళకముందునుండే పరిచయం ఉన్నది. మెరుపు క్షణంలో మెరిసినా, మబ్బు కమ్మడానికి ఏండ్లు పట్టింది.

ఈ క్రమాన్ని శాస్త్రజ్ఞులు కొంతవరకు వివరించినారు. ఫ్రెంచి గణితవేత్త హెన్రీ పోయంకారే 1908లో తన అనుభవాన్ని ఒక ప్రసంగంలో విశ్లేషించినాడు. ఎన్నో దినాలు తలపగులకొట్టుకొన్న సమస్యకు పరిష్కారం, విహారయాత్రలో బండి మెట్టుమీద కాలు పెట్టిన క్షణంలో తట్టింది. అట్టి స్ఫురణ ముందు తీవ్రమైన శ్రమ లేనిదే రాదనీ, వచ్చిన తరువాత కూడ సరిచూడక తప్పదనీ ఆయన గట్టిగా చెప్పినాడు. 2004లో అమెరికాలో కొందరు పరిశోధకులు, మాటల చిక్కుప్రశ్నలు విప్పేవారి మెదడులోని విద్యుత్ప్రవాహాలను కొలిచి, సమాధానం స్ఫురించడానికి సరిగ్గా ముందు కుడి కణతవైపు భాగంలో ప్రత్యేకమైన చలనం కలుగుతున్నదని చూపినారు. స్ఫురణ శూన్యంనుండి ఊడిపడదు. మనకు తెలియకుండ మనస్సు చేసిన పని ఫలించే క్షణమది.

అయితే శాస్త్రం కూడ ఇక్కడ వినయం వహించవలసి ఉన్నది. చిక్కుప్రశ్న విప్పడం వేరు, మాక్ థీటా ప్రమేయాలను చూడడం వేరు. కార్ పుస్తకాన్ని చదివిన విద్యార్థులు ఎందరో ఉన్నారు. రామానుజన్ ఒక్కడే అయినాడు. ఆ తేడాకు కారణమేమో ఏ పరికరమూ ఇంతవరకు కొలిచి చెప్పలేదు. స్ఫురణ ఏ విధంగా వస్తుందో శాస్త్రం చెప్పగలుగుతున్నది. ఆ మనిషికే, ఆ సూత్రమే ఎందుకు స్ఫురించినదో చెప్పలేకున్నది.

మరి భక్తి చేసినదేమీ లేదా? ఉన్నది, అది చిన్నది కాదు. రెండుసార్లు పరీక్ష తప్పి, తిండికి లేక, తన పని అర్థమయ్యే మనిషి కనుచూపు మేరలో లేక గడిపిన ఏండ్లలో, ఇది వ్యర్థం కాదు అన్న నమ్మకం ఆయనకు ఎవరిచ్చినారు? కళాశాల ఇవ్వలేదు, లోకం ఇవ్వలేదు. నామగిరిపై విశ్వాసం ఇచ్చింది. సూత్రాలు తన సొత్తు కావు, తనకు అప్పగింపబడినవి అనుకొన్నవాడు వాటిని విడువలేడు. వివరణ వేరు, ఆలంబనం వేరు. ప్రతిభకు వివరణగా భక్తి చాలదు. ప్రతిభావంతునికి ఆలంబనంగా రామానుజన్ జీవితంలో దానికి సాటి మరొకటి కనిపించదు. ఈ రెండింటిని ఒకటిగా కలపడం వలననే వివాదం తెగకుండ సాగుతున్నది.

మన ఆలంకారికులు కావ్యానికి హేతువులను విచారించినప్పుడు ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం అని మూడింటిని చెప్పినారు. పుట్టుకతో వచ్చినది ఒకటి, చదువుతో వచ్చినది ఒకటి, నిత్యసాధనతో వచ్చినది ఒకటి. రామానుజన్ విషయంలో మొదటిదానిని అందరూ పొగడినారు. కార్ పుస్తకమనే వ్యుత్పత్తినీ, గరుకెక్కిన మోచేయి అనే అభ్యాసాన్నీ తలచేవారు తక్కువ. రాజశేఖరుడు ప్రతిభను సృష్టించే కారయిత్రి అనీ, సృష్టిని గుర్తించే భావయిత్రి అనీ మరల రెండుగా విభజించినాడు. నెల్లూరులో రామచంద్రరావుకు, కేంబ్రిడ్జిలో హార్డీకి ఉన్నది ఆ రెండవ ప్రతిభ. అది లేకపోతే మొదటిది పోర్ట్ ట్రస్టు లెక్కల పుస్తకాలలో అణగిపోయేది.

ఉపాధ్యాయులకు ఈ విచారం కేవలం వేదాంతచర్చ కాదు. రామానుజన్ ప్రతిభ సర్వం దైవదత్తమని చేతులు జోడించి ఊరకుంటే, తరగతిలో వెనుక వరుసలో కూర్చున్న బాలునిపట్ల మనకు బాధ్యతే ఉండదు. దేవత తలచినప్పుడు తానే వెలుగులోనికి వస్తాడు అనుకొనవచ్చు. సర్వం మెదడు నిర్మాణమే అన్నా ఫలితమదే. ఉన్నవానికి ఉన్నది, లేనివానికి లేదు అని తృప్తిపడవచ్చు. 1907లో పరీక్ష తప్పిన ఆ విద్యార్థికి అప్పుడు కావలసినది ఈ రెండు సమాధానాలలో ఏదీ కాదు. ఒక మంచి పుస్తకం, పని చేసుకొనే తీరిక, చేసినదానిని చదివి ఇది ఒప్పు, ఇది తప్పు అని చెప్పగల ఒక మనిషి. ఆ మనిషి ఆయనకు మూడేండ్లు ఆలస్యంగా నెల్లూరులోను, ఆరేండ్లు ఆలస్యంగా సముద్రానికి ఆవలను దొరికినాడు. ముప్పదిరెండేండ్లకే ముగిసిన జీవితంలో ఆ ఆలస్యం చిన్నది కాదు.